వకేషో సీలు వేయని కంటైనర్

వకేషో పాలు కొనేటప్పుడు ముందు మూత తీసి వాసన చూసేది. వాసన బాగున్నా నమ్మేది కాదు. గోరు మీద ఒక చుక్క వేసుకుని, జారుతుందా నిలుస్తుందా అని చూసి, అప్పుడు గిన్నె పట్టేది. కెన్యాలోని రేవుపట్నం మొంబాసా శివారున, మికిందనిలో ఆమె ఉండే వీధికి వచ్చే పాలామె, "ఈసారి ఆవునే తోలుకొస్తాలే అక్కా, నోరు తెరిపించి చూద్దువుగాని" అని ఎత్తిపొడిచేది. వకేషో నవ్వేది కాదు. "తోలుకురా" అనేది.

ఈ గుణం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. తైతా కొండల్లో వుందాన్యి ఊరి దగ్గర పుట్టిన పిల్ల. అక్కడ తలుపు దగ్గరగా వేసి పొలానికి పోతారు. పెళ్లయి మొంబాసాలో దిగాక కూడా చాలా ఏళ్లు అలాగే ఉంది. భర్త మ్వాకియో రేవులో సరుకు దిగినప్పుడు సరిచూసే గుమాస్తా. ఒకనాడు పైఅధికారి అతన్ని పిలిచి, "చక్కెరంతా దిగిందయ్యా, నేను చూశాను, నువ్వు సంతకం పెట్టు" అన్నాడు. పెద్దాయన చూశానన్నాక మళ్లీ తాను చూడబోవడం ఏం మర్యాదని మ్వాకియో సంతకం పెట్టేశాడు. తర్వాత ఆ చక్కెరలో సగం అసలు దిగనే లేదని తేలింది. అధికారి తనకేమీ తెలియదన్నాడు, హాయిగా పింఛను పుచ్చుకుని మలిందిలో ఇల్లు కట్టుకున్నాడు. మ్వాకియో జైలుకు వెళ్లాడు.

తిరిగి వచ్చిన మనిషి వెళ్లిన మనిషి కాదు. పని ఎవరూ ఇవ్వలేదు. వరండాలో స్టూలు వేసుకుని పాత రేడియోలు బాగు చేసుకుంటూ, ఎవరైనా పలకరిస్తే ఊఁ అని, లేకపోతే అదీ లేకుండా కాలం గడిపేవాడు. అప్పటి నుంచి సంసారం ఈదింది వకేషోనే. రేవు పక్కనే షిమాంజీలో మ్బారక్ అనే వర్తకుడికి తేయాకు గోదాము ఉండేది. కొండ ప్రాంతాల నుంచి వేలానికి వచ్చిన తేయాకు కొని, కలిపి, సంచులకెత్తి కరాచీకి, కైరోకి పంపేవాడు. ఆ గోదాము గేటు దగ్గర, పని దిగి పోయే ఆడవాళ్ల సంచులు తడిమి పంపే పని వకేషోకి దొరికింది. ఆ పనికి ఆమెకంటే తగిన మనిషి మొంబాసాలో లేదని అందరూ ఒప్పుకున్నారు. సంచులు కుట్టే కాడ్జో ఆమెకు ప్రాణస్నేహితురాలు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే గిన్నెలో కందులూ, మహాంరీ అనే తీపి పూరీలూ తినేవాళ్లు. అయినా సాయంత్రం కాడ్జో సంచి కూడా తడిమే పంపేది.

ఆ రోజుల్లో మ్బారక్ వ్యాపారం కుంటుతూ నడిచేది. కంటైనర్ రేవుకు చేరితే చాలు, కస్టమ్స్ వాళ్లు తలుపులు తీయించి, సంచులు దింపించి, కొన్ని కోసి చూసేవాళ్లు. వాళ్లు చూసేదాకా వరసలో నిలబడాలి. ఈలోగా ఓడ వెళ్లిపోయేది. సముద్రపు చెమ్మ తగిలి తేయాకు మెత్తబడేది. కొనేవాడు అక్కడి నుంచి ఫోనులో తిట్టేవాడు.

అప్పుడు వచ్చింది ఆ సర్టిఫికెట్ సంగతి. కస్టమ్స్ వాళ్లు కొన్ని కంపెనీలను లోపలా బయటా పరీక్షించి, బాగుంటే నమ్మదగినవని ముద్ర వేస్తారట. ఆ ముద్ర పడితే కంటైనర్‌ను ఎవరూ తెరవరు. వరస లేదు, కోత లేదు, నేరుగా ఓడ మీదికే. గోదాములో అందరూ దాన్ని నమ్మకం కాగితం అనేవాళ్లు. మ్బారక్ అల్లుడు తౌఫీక్ దాని వెనక పడ్డాడు. చదువుకున్నవాడు, మాటకారి, ఎండలో కూడా చొక్కా నలగని మనిషి. గోడలెత్తించాడు, కెమెరాలు పెట్టించాడు, తలుపులకు తాళాలు మార్పించాడు.

పరీక్షకు వచ్చిన అధికారిణి పేరు జెరోప్. పొట్టిగా, మెల్లగా మాట్లాడే మనిషి. అంతా చూసి చివరకు ఒకటే అడిగింది. "కంటైనర్ నింపాక సీలు వేసేదెవరు? రేపు ఏదైనా తేడా వస్తే నేను ఎవరి పేరు పిలవాలి?"

ఆ పని హెడ్ వాచ్‌మన్ ఒకుమూకే వస్తుందని అందరూ అనుకున్నారు. మర్నాడు తౌఫీక్ వచ్చి వకేషో పేరు చెప్పాడు.

కుర్చీ వచ్చింది, ఫోను వచ్చింది, జీతం పెరిగింది. మెడలో వేసుకునే కార్డు వచ్చింది. సీళ్లంటే వేలి లావు ఇనప మేకులు, ఒకసారి నొక్కితే కోస్తే తప్ప ఊడవు. అవి ఉండే పెట్టె తాళంచెవి ఆమె చేతికి వచ్చింది. ఆ సాయంత్రం ఒకుమూ గేటు దగ్గర సిగరెట్టు ముట్టించుకుంటూ, "ఇక మేము నీకు సలాం కొట్టాలేమో" అన్నాడు.

"కొట్టు, అలవాటవుతుంది" అంది వకేషో. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నన్నెందుకు ఎంచారంటావు ఒకుమూ అన్నా?" అని అడిగింది.

"నువ్వు ఎవర్నీ నమ్మవని."

"ఇంకేం లేదా?"

"ఇంకేం ఉంటుంది?" అని అతను వేరే వైపు చూశాడు. ఆ చూపు తిప్పుకోవడం ఆమెకు నచ్చలేదు.

ఇంటికెళ్లి భర్తకు చెప్పింది. మ్వాకియో రేడియో వెనక డొప్ప బిగిస్తూ, "సంతకం పెట్టాలా?" అని అడిగాడు.

"ప్రతి కంటైనర్‌కీ."

అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టి ఆమె కేసి కాసేపు చూశాడు. 

కాగితం వచ్చిన రోజు మ్బారక్ అందరికీ పిలావ్ పెట్టించాడు. దాన్ని అద్దంలో బిగించి ఆఫీసు గోడకు తగిలించారు. అక్కడి నుంచి వ్యాపారం పరుగందుకుంది. కంటైనర్ పొద్దున గోదాము దాటితే సాయంత్రానికి ఓడలో ఉండేది. చెప్పిన రోజుకు సరుకు చేరుతోందని కరాచీలో పేరొచ్చింది, కొత్త బేరాలు వచ్చాయి. ఏడాదిలో సగం రోజులే పని దొరికే ఆడవాళ్లకు ఏడాది పొడుగునా పని దొరికింది. కాడ్జో తన ఇంటికి రేకులు మార్చుకుంది. ఉన్న గోదాము చాలక ఊరి అంచున మిరితినిలో ఇంకొకటి అద్దెకు తీసుకున్నారు. దాని బాధ్యత తౌఫీక్ చూసుకునేవాడు.

వకేషో మాత్రం తన కళ్ల ముందు చివరి సంచి ఎక్కేదాకా కదిలేది కాదు. ఎక్కాక తలుపు మూయించి, సీలు వేసి, గుంజి చూసి, మళ్లీ గుంజి చూసి, అప్పుడు సంతకం పెట్టేది. డ్రైవర్లు విసుక్కునేవాళ్లు. "మా అత్త కూడా ఇంత పట్టి చూడదు" అన్నాడు ఒకడు. "మీ అత్తకి జైలు భయం లేదు" అంది వకేషో.

మిరితిని నుంచి వచ్చే కంటైనర్లతోనే చిక్కు మొదలైంది. అవి అక్కడే నింపి, తలుపులు మూసి, సీలు కోసం మాత్రం షిమాంజీకి వచ్చేవి. తెరిపించమంటే తౌఫీక్ నవ్వేవాడు. "అక్కడా మన మనుషులే కదమ్మా నింపింది. కెమెరా కూడా ఉంది. నేను దగ్గరుండి చూశాను."

నేను చూశాను అన్న మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. అయినా మొదట్లో సీలు వేసింది. యజమాని అల్లుడు, పైగా చూడకపోతే కొంప మునిగేలా ఏమీ కనబడలేదు. కానీ అవి శుక్రవారం మధ్యాహ్నాలే వస్తున్నాయని కొంత కాలానికి గమనించింది. మ్బారక్, కూలీల్లో సగం మంది మసీదుకు వెళ్లే సమయం అది. తౌఫీక్ మాత్రం నమాజు మానేసి లారీతో వచ్చేవాడు. డ్రైవర్ ఎప్పుడూ అదే మనిషి, కిందికి దిగేవాడు కాదు. ఒకుమూ ఆ లారీ హారన్ వినగానే అడక్కుండా గేటు తీసేవాడు. మిగతా లారీలకు అంత హుషారు చూపించేవాడు కాదు.

ఇక అన్నీ అనుమానంగానే కనిపించాయి. ఒకుమూకి కొత్త బూట్లు ఎక్కడివి? కాడ్జో రేకులకు కూలి డబ్బే సరిపోయిందా? మ్బారక్ ఒకసారి ఆమెను చూసి చిరునవ్వు నవ్వాడు, ఎందుకు నవ్వాడు? జెరోప్ ఒకనాడు ఊరికే వచ్చి తౌఫీక్‌తో కాఫీ తాగి వెళ్లింది. కస్టమ్స్ అధికారిణికి ఇక్కడి కాఫీ అంత రుచా? ఎవరికి చెప్పాలన్నా వాళ్ల వెనక ఇంకెవరున్నారో అనిపించేది. కందుల గిన్నె ముందు కూర్చుని కూడా మాట్లాడకుండా తినేది. "ఏంటక్కా, ఇవాళ కందుల్ని కూడా అనుమానంగా చూస్తున్నావు" అంది కాడ్జో.

ఒక శుక్రవారం ఆ కంటైనర్ తలుపు పట్టుకున్నప్పుడు ఆమెకు వాసన తగిలింది. తేయాకు వాసన కాదు. తలుపు అంచు రబ్బరు దగ్గర ముక్కు పెట్టింది. చిన్నప్పుడు అమ్మమ్మ పొయ్యి పక్కన కూర్చున్న పొద్దులన్నీ ఒక్కసారి ముందుకొచ్చాయి. తైతా కొండల మీద దొరికే గంధపు చెట్టు వేరు, ఆ ముసలామె దగ్గుకు కాచి తాగించేది. ఆ చెట్టు కొట్టకూడదని సర్కారు ఎప్పుడో నిషేధించింది. అయినా రాత్రికి రాత్రి వేర్లతో సహా తవ్వుకుపోతారని ఊరి నుంచి వచ్చిన వాళ్లు చెబుతుంటారు. ఎటు పోతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ కొండల మనిషి ఎవరైనా ఆ వాసన పోల్చుకుంటారు. ఆమె పక్కకు తిరిగి, "నీకేమైనా వాసన వస్తోందా?" అని ఒకుమూని అడిగింది.

"సబ్బేమో" అన్నాడు ఒకుమూ. మరీ తొందరగా అన్నాడు.

తౌఫీక్ గడియారం చూసుకున్నాడు. "కానివ్వమ్మా, రేవులో గేటు మూసేస్తారు."

"తలుపు తీయించండి" అంది వకేషో.

"ఏమిటి?"

"లోపల చూశాక సీలు వేస్తాను."

తౌఫీక్ ముందు నవ్వాడు. తర్వాత నచ్చజెప్పాడు, ఓడ పోతే ఎంత నష్టమో, కొనేవాడు ఎంత కోపిష్టో చెప్పాడు. ఆమె సీళ్ల పెట్టె తాళంచెవి రవికలో దోపుకుని కుర్చీ మీద కూర్చుంది. అతను దగ్గరకొచ్చి, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు. "ఎందుకమ్మా గొడవ? ఏదైనా జరిగితే అందరూ మీ ఇంటి సంగతే తలుచుకుంటారు. మీ ఆయన కేసు ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు."

 ఆ కుర్చీ, ఆ కార్డు, ఆ జీతం ఎందుకొచ్చాయో వకేషోకి అప్పుడు అర్థమైనట్టనిపించింది. తడబడకుండా మాట్లాడగలిగిందంటే ఆమెకే ఆశ్చర్యం. "నేనూ మరిచిపోలేదు బాబూ. అందుకే తీయమంటున్నా."

"ఒకుమూ, గేటు తియ్యి" అన్నాడు తౌఫీక్. "సీలు రేవు దగ్గర నేనే వేయించుకుంటా."

ఇప్పుడు తీస్తాడు, అనుకుంది వకేషో. ఒకుమూ ఒక జేబు తడిమాడు, రెండో జేబు తడిమాడు. టోపీ తీసి అందులో చూశాడు. "తాళంచెవి ఎక్కడో పెట్టాను బ్వానా" అన్నాడు. అది అతని నడుముకు వేలాడుతూనే ఉంది. తౌఫీక్ దానికేసి చూశాడు, ఒకుమూ తౌఫీక్ కేసి చూశాడు. డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు. కుట్టుపని ఆడవాళ్లు ఒక్కొక్కరే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

మ్బారక్ మసీదు నుంచి వచ్చేసరికి అందరూ అలాగే ఉన్నారు. సంగతి విని, అల్లుడి మొహం చూసి, "తలుపు తీయడానికి ఇంత సేపా? తీయండి" అన్నాడు.

తీస్తే తేయాకు. అచ్చంగా వాళ్ల గుర్తు వేసిన సంచులే, వరసగా పైదాకా. తౌఫీక్ చేతులు చాపాడు. "చూశారా మామయ్యా? ఈవిడ అనుమానానికి ఓడ వదులుకున్నాం." మ్బారక్ ఆమె కేసి తిరిగాడు. ఆయన కోపంగా లేడు, అలిసిపోయినట్టున్నాడు. అది కోపం కంటే కష్టంగా తోచింది. నిజంగానే సబ్బు వాసనేమో అని వకేషోకి కూడా ఒక క్షణం అనిపించింది.

"ఇంకో వరస దింపించండి బ్వానా" అంది. దింపారు. తేయాకే. "ఇంకొకటి" అంది. కూలీల్లో ఒకడు గొణిగాడు. మూడో వరస సంచి భుజానికెత్తుకున్నవాడు గొణగడం మానేసి, "ఇదేంటి, రాళ్లున్నాయా?" అన్నాడు. కాడ్జో చేతిలో కత్తెర ఉంది. ఎవరూ చెప్పకుండానే ముందుకొచ్చి సంచి మూతి కుట్టు కత్తిరించింది. మట్టి అంటిన ఎర్రటి వేరు ముక్కలు కాంక్రీటు మీద పడ్డాయి. గోదామంతా గంధం వాసన అలుముకుంది.

మ్బారక్ అక్కడున్న తేయాకు సంచి మీదే కూర్చుండిపోయాడు. "మిరితినిలో ఎవరు నింపారు దీన్ని?" అన్నాడు అల్లుడితో.

"నాకు తెలియదు మామయ్యా. ఒక స్నేహితుడి సరుకు, కొంచెం తేయాకేనన్నాడు. మన పేరు మీద పంపమన్నాడు, అంతే."

ముసలాయన లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆఫీసులోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆఫీసు కిటికీ అద్దంలోంచి ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం కనిపించింది. ఎవరికి చేస్తున్నాడు? కస్టమ్స్‌కా, వకీలుకా, ఈ గొడవ మూసిపెట్టగల పెద్దమనిషికా? వకేషో కంటైనర్ పక్కన నుంచి కదల్లేదు. కాడ్జో మంచినీళ్లు తెచ్చిస్తే తాగకుండా పట్టుకుని నిలబడింది. సాయంకాలం ఎండ వాలాక కస్టమ్స్ జీపు వచ్చి ఆగింది. ముందు దిగింది జెరోప్. అది చూశాకే వకేషో ఆ నీళ్లు తాగింది.

నిజం బయటపెట్టిన మనిషిని అందరూ మెచ్చుకుంటారని ఎవరైనా అనుకుంటే, అది వకేషో విషయంలో జరగలేదు. జెరోప్ ఆమెను తన ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగిన మొదటి ప్రశ్న, "ఇంతకుముందు మిరితిని నుంచి వచ్చిన వాటిలో ఏముంది?" అని.

"తెలీదు మేడమ్. నేను చూడలేదు."

"చూడకుండా సీలు వేశారా?"

"వేశాను."

"మరి ఈ ఒక్కదాన్నే ఎందుకు ఆపారు? వాటా కుదరలేదా?"

వకేషో తల వంచుకోలేదు. "మీరు అలా అడగాలి. మీ చోట నేనుంటే నేనూ అదే అడుగుతాను" అంది. జెరోప్ కలం ఆపి ఆమెను కొత్తగా చూసింది. అయినా తర్వాత కూడా చాలాసార్లు పిలిపించింది. పిలిచినప్పుడల్లా మ్వాకియో రేడియోలు పక్కన పెట్టి, చొక్కా మార్చుకుని ఆమె వెంట వచ్చేవాడు. కస్టమ్స్ ఆఫీసు బయట చెట్టు నీడలో నిలబడేవాడు. జైలు నుంచి వచ్చాక అతను రేవు వైపు అడుగు పెట్టింది అప్పుడే.

ఒకసారి తిరిగి వస్తుంటే మటాటు బండిలో, నలుగురితో పాటు ఇరుక్కుని కూర్చున్నాక, అతనే మాట కలిపాడు. "ఆ రోజు నేను కూడా అడుగుదామనుకున్నాను. చక్కెర చూపించండి అని. అడిగితే ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోనని ఆగాను."

"ఇన్నేళ్లకి చెప్తున్నావా" అంది వకేషో.

"నువ్వు అడిగావుగా, అందుకని" అని అతను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు.

గోడ మీది కాగితం దించేశారు. మ్బారక్ తానే ఫోను చేసి చెప్పాడు కాబట్టి కంపెనీని మూయించలేదు. కానీ కంటైనర్లు మళ్లీ వరసలో నిలబడ్డాయి, అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డాయి. సంచులు మళ్లీ కోశారు, ఈసారి అన్నీ. కరాచీ వర్తకుడు వేరే వాళ్ల దగ్గరకు పోయాడు. మిరితిని గోదాము వదిలేశారు. ఆడవాళ్లలో సగం మందికి పని పోయింది, అందులో కాడ్జో ఉంది. వెళ్లే రోజు వకేషో అలవాటు కొద్దీ ఆమె సంచి వైపు చెయ్యి చాచింది. కాడ్జో సంచి మొత్తం నేల మీద కుమ్మరించింది. "చూసుకో అక్కా. ఇంకా ఏమైనా దొరికితే దానికీ ఫోన్లు చేయించు." వకేషో వంగి, దువ్వెనా టిఫిను గిన్నే ఎత్తి సంచిలో పెట్టి ఇచ్చింది. కాడ్జో తీసుకుని వెనక్కి చూడకుండా పోయింది.

తౌఫీక్ కేసు కోర్టులో నానుతూనే ఉంది. బెయిలు మీద బయటే తిరిగేవాడు. వకేషోకి బహుమానం ముట్టిందని ఒక పుకారు, మొదటి నుంచి ఆ దొంగసరుకు వాళ్ల మనిషేనని ఇంకొక పుకారు. రెండూ ఆమె చెవిన పడ్డాయి.

ఒకనాడు గేటు దగ్గర ఆమె ఒకుమూని నిలదీసింది. "నీకు వాసన తెలుసు. సబ్బు అన్నావు."

"తెలుసు" అన్నాడు ఒకుమూ. "నాకు బడికెళ్లే పిల్లలున్నారు వకేషో. గేటు తియ్యకపోవడం వరకే నా చేతనైంది." ఆ మీదట, "నీ పేరు ఇచ్చింది తౌఫీకే. జైలుకెళ్లినవాడి పెళ్లాం, ఏదైనా వస్తే ఆమె మీదికి తోసెయ్యొచ్చు అని ఎవరితోనో ఫోన్లో అన్నాడు. నా చెవులతో విన్నా" అన్నాడు.

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబితే నమ్మేదానివా?"

తన పేరు ఎవరిచ్చారని ఆమె మ్బారక్‌నే అడిగింది. ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "తౌఫీక్ చెప్పింది ఒకుమూ పేరు. నేనే కాదన్నాను. జీతం ఇచ్చిన ప్రతిసారీ నా ఎదుటే లెక్కపెట్టుకునే మనిషివి నువ్వొక్కదానివే. అందుకే నిన్ను పెట్టమన్నాను." ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్పారు. ఎవరో వకేషోకి నేటికీ తెలియదు. ఇద్దరితోనూ మాట్లాడుతూనే ఉంది.

మ్బారక్ ఊరుకోలేదు. ఆ వయసులో తానే కస్టమ్స్ ఆఫీసు మెట్లెక్కాడు, దిగాడు. అన్ని కంటైనర్లూ షిమాంజీలోనే, పగటిపూటే నింపాలని నియమం పెట్టాడు. ఏళ్లు గడిచి, జెరోప్ మళ్లీ వచ్చి గోడలూ తాళాలూ చూసింది. చివర్లో అదే ప్రశ్న అడిగింది, ఎవరి పేరు పిలవాలని. మ్బారక్ వకేషో కేసి చూశాడు.

"చూడనిది నేను వేయను. ఎవరు చూశానన్నా సరే" అంది వకేషో. అది ఒప్పుకునే కాగితం మీద మ్బారక్ చేత సంతకం పెట్టించుకుంది. సంతకం పెట్టేముందు ఆయన్ని మొత్తం చదవమంది.

నమ్మకం కాగితం మళ్లీ గోడెక్కి, పని పుంజుకున్నాక కాడ్జోకి కబురు పంపింది. కాడ్జో రాలేదు, రెండో కబురుకు వచ్చింది. చాలా రోజులు దూరంగా కూర్చుని తింది.

మొన్నొక ఉదయం కైరో వెళ్లే కంటైనర్ నింపుతున్నారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. చివరి వరస మ్బారక్ స్వయంగా దగ్గరుండి ఎక్కించాడు. ఆ కాసేపూ వకేషో ఫోన్ మాట్లాడడానికి లోపలికి వెళ్లింది. వచ్చి తలుపు ముందు నిలబడింది.

"నేను చూశాను, వెయ్యమ్మా" అన్నాడు ఆయన, నుదురు తుడుచుకుంటూ.

"దింపించండి బ్వానా."

"నేను కూడానా?"

"మీరు కూడా."

మ్బారక్ ఒక్క నిట్టూర్పు విడిచి కూలీలకు సైగ చేశాడు. వాళ్లు ఆ వరస దింపారు. ఆమె లోపలికెక్కి, ఒక్కో సంచీ చేత్తో నొక్కి చూసి, వాసన చూసి, మళ్లీ ఎక్కించమంది. ముసలాయన నీడలోకి పోకుండా అక్కడే నిలబడ్డాడు. సీలు నొక్కుతుంటే ఒకుమూ గేటు తాళం తీశాడు, లారీ బయటికి పోయింది.